నన్నారి వేరు

నగరములందలి పానశాలలలో నొక క్రొత్త వేడుక బయలుదేరినది. జిన్నులోను, రమ్ములోను తులసి, అల్లము, ఏలకులు, దాల్చినచెక్క మున్నగువానిని నానబెట్టి, వాని పరిమళమును మద్యమునకు పట్టించి, కాక్‌టెయిల్ అను పేర హెచ్చువెలకు విక్రయించుచున్నారు. దీనిని నవీనవిద్య యనుట మాకు వింతగా నున్నది. కషాయము కాచి పులియబెట్టిన అరిష్టములును, కాచకయే పులియబెట్టిన ఆసవములును మన వైద్యులు అనాదిగా నెరుగుదురు. అయితే అవి మోతాదునకు లోబడిన ఔషధములు, విందుపానములు కావు.

అంతకంటె మేలైన విద్య నల్లమల యంచునగల నంద్యాల, ఆళ్లగడ్డ సీమలయం దున్నది. నన్నారి యనియు, సుగంధిపాల యనియు పిలువబడు తీగ వేరును కడిగి, యారబెట్టి, దంచి, నడిమి పుల్లను తీసివేసి, నీట నానబెట్టి కాచి, వడగట్టి, చక్కెర పాకమున కలుపుదురు. అందు నిమ్మరసమును, చన్నీటినో సోడానో చేర్చినచో, మండువేసవిలో అహోబిలమునకో మహానందికో పోవు బాటసారికి ప్రాణము లేచివచ్చును. ఆ వేరునందలి సువాసనద్రవ్యము వెనిలిన్‌కు దగ్గరి చుట్టము. రెండింటి అణుసూత్రము నొక్కటియే. అట్టి ద్రవ్యములు సారాయమున త్వరగా కరగును, నీట మెల్లగా కరగును. ఓర్పుగలవారికి మత్తు లేకయే పరిమళము లభించు ననుట కిదియే నిదర్శనము.

మద్యము మన యిండ్లకు చేసిన చేటు చదువరులకు మేము చెప్పనక్కరలేదు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారాపై తిరుగబడిరి. 1993లో సారా నిషేధింపబడెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడెను. బెల్లపు ఊటలో తుమ్మచెక్క వేసి సారా కాచువాడు నేరస్థుడు. అద్దాల సీసాలో మూలికలు నానబెట్టువాడు కళాకారుడు! మొదటివానిని శిక్షించుట న్యాయమే. కాని రెండవవానిని పొగడుట యేల?

ఇప్పుడు నన్నారిపైనను పానశాలల దృష్టి పడినది. గిరాకి పెరుగుట మంచిదే యని కొందరనవచ్చును. కాని యిది ఆకు కాదు, పువ్వు కాదు, వేరు. సమూలముగా పెరికినచో తీగయే నశించును. అడవి యొట్టివోయినచో మొదట నష్టపడువారు దానిని త్రవ్వి తెచ్చు చెంచులు. సీసా యమ్మువాడు కాడు.

కావున మేము కోరునది మూడు మాటలు. వేరులో కొంత నేలనే విడిచి త్రవ్వు పద్ధతిని అటవీశాఖవారు చెంచులతో కూర్చుండి యేర్పరుపవలెను. 2022లో నేర్పడిన నంద్యాల జిల్లా యధికారులు ముక్కలు నాటి తీగను పెంచుటకు రైతులకు తోడ్పడవలెను. 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థ వేరునకు ముందుగానే ధర ప్రకటించి, తూకము చెంచుల కన్నులయెదుటనే వేయింపవలెను.

చదువరులును రంగు, ఎసెన్సు కలిపిన పాకమును విడిచి నిజమైన వేరు పానీయమునే యడుగుదురుగాక. కొనువాడు కోరనిదే యమ్మువాడు మారడు.