పొదుగు యంత్రమును నిందింపకుడు

దేవరకొండ ప్రాంతపు సభ్యు డొకరు తన కౌజుపిట్టల గ్రుడ్లు సరిగా పొదుగుట లేదని యంత్రమును నిందించుచుండిరి. మిగిలిన గ్రుడ్లను పగులగొట్టి చూచితిమి. పెక్కింట పిల్లలు సగము పెరిగి చచ్చియున్నవి. అదే యంత్రమున పొరుగువారి గ్రుడ్లు చక్కగా పొదిగినవి. విచారింపగా, మూడేండ్ల క్రిందట కొన్న కొలది పిట్టల సంతతియే యీ మంద యంతయు. బయటి పుంజు ఒక్కటియు చేరలేదు.

జపాను కౌజు 1974లో మన దేశమునకు వచ్చినది. గ్రుడ్డు 17, 18 దినములలో పిల్లయగును. ఆ పిల్ల 6, 7 వారములకే గ్రుడ్డు పెట్టును. కావున ఏటికి మూడు నాలుగు తరములు గడచును. పశువులలో మన యాయుష్కాలమున కనబడని కీడు ఇందు రెండేండ్లకే బయటపడును. తోబుట్టువుల జత కోడికంటె కౌజునకు మిక్కిలి చేటు: పొదుగుట తగ్గును, పిల్ల యెదుగదు, చావులు హెచ్చును. వరుసగా తోబుట్టువులనే జతపరచిన పరిశోధనా వంశములు కొన్ని తరములలోనే అంతరించినవి. పెండ్లికి గోత్ర మడుగు మనము పిట్ట కేల యడుగము? (మేనరికముల మాట యిచట వలదు.)

తల్లి గ్రుడ్డు చిన్నదైన పిల్లయు చిన్నదే. ముదిసిన జంటల గ్రుడ్లును తక్కువగా పొదుగును.

సభ్యులు తమలో తాము పుంజులను మార్చుకొనిన చాలదు. పలువురు ఒకే చోట కొన్నవారే గదా! సంఘమే వేరు వంశముల పుంజులను కొని పంచవలెనని మా యభిప్రాయము. రెండు మూడు పెట్టలకు ఒక పుంజు చాలును. ఖర్చని వెనుదీయువారు, పొదుగక పారవేసిన గ్రుడ్లను ఒక నెల లెక్కించి చూతురుగాక. రాబోవు సమావేశమునకు ప్రతి సభ్యుడును తన మంద యెచటినుండి, ఏ యేట వచ్చినదో వ్రాసి తేవలెను.