సర్టిఫికెట్ సరే... మీరు రాసిన వార్త ఏదీ?

జర్నలిజంలోకి రావాలనుకుంటున్నారా? అయితే మీ వాట్సాప్‌లో ఇప్పటికే నాలుగైదు వర్క్‌షాపుల పోస్టర్లు వచ్చే ఉంటాయి. రెండు రోజుల శిక్షణ, ఆఖర్లో సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో! ఫీజు కట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి. రేపు ఇంటర్వ్యూలో ఎడిటర్ మీ ఫైల్ తిరగేస్తూ ‘మీరు రాసినవేమైనా ఉన్నాయా?’ అంటే ఏం చూపిస్తారు?

పైసా ఖర్చు లేకుండా...

నేర్చుకోవడానికి దారులు బోలెడు. ఇటలీలోని పెరుజాలో 2006లో మొదలైన అంతర్జాతీయ జర్నలిజం ఉత్సవానికి ప్రవేశం ఉచితం. అంతదూరం వెళ్లలేకపోయినా ఫర్వాలేదు, చర్చల వీడియోలు యూట్యూబ్‌లో దొరుకుతాయి. అమెరికాలోని టెక్సస్ యూనివర్సిటీకి చెందిన నైట్ సెంటర్ 2012 నుంచి ఎవరైనా చేరగలిగే ఆన్‌లైన్ కోర్సులు నడుపుతోంది. వాటిలో చాలావరకు ఉచితమే. మన దేశంలో 8,000 మంది జర్నలిస్టులకు నకిలీ వార్తలను పట్టుకోవడం నేర్పుతామని గూగుల్ 2018లో ప్రకటించింది. అందుకు ఎంచుకున్న ఏడు భాషల్లో తెలుగూ ఉంది.

ఆ డబ్బు ఎవరిది?

ఉచితం అంటే ఖర్చు లేదని కాదు, ఇంకెవరో భరిస్తున్నారని! టెక్ కంపెనీలు, ఫౌండేషన్లు, విదేశీ ప్రభుత్వాల నిధులతోనే ఇలాంటి శిక్షణలు ఎక్కువగా నడుస్తాయి. ఇచ్చే చెయ్యి ఆగితే అవీ ఆగుతాయి. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని నిలిపేసినప్పుడు అదే జరిగింది. స్వతంత్ర మీడియా కోసం కేటాయించిన 26.8 కోట్ల డాలర్లకు పైగా సొమ్ము స్తంభించిందని ‘రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్’ సంస్థ వెల్లడించింది. కాబట్టి అవకాశం ఉన్నప్పుడే వాడుకోండి. మీ కెరియర్‌ని మాత్రం దానికే కట్టేయకండి.

చేరే ముందు మూడు విషయాలు కనుక్కోండి. పాఠం చెప్పేవాళ్లు ఫీల్డ్‌లో పనిచేసినవాళ్లేనా? మీరు రాసింది చదివి, తప్పులు దిద్దుతారా? నిర్వహణ ఖర్చు ఎవరిది? మొదటి రెండింటికీ ‘అవును’ అని సమాధానం రాకపోతే డబ్బులు కట్టొద్దు.

నేర్చుకున్న వారంలోనే

డేటా జర్నలిజం క్లాసు విన్నారనుకోండి. మీ ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఎన్ని లెక్చరర్ పోస్టులు ఖాళీగా ఉన్నాయో, ఎప్పట్నుంచి ఉన్నాయో అడుగుతూ సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. రుసుము రూ.10కి మించదు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలన్నది 2005 నాటి చట్టంలోని నిబంధన. జవాబు రాగానే విద్యార్థులతో, ప్రిన్సిపాల్‌తో మాట్లాడి రాయండి. రాకపోతే మొదటి అప్పీలు వేయండి. ఆ అనుభవమూ పాఠమే.

ఎక్కడ అచ్చవుతుందన్న బెంగ వద్దు. పి.సాయినాథ్ 2014లో ప్రారంభించిన ‘పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా’ గ్రామీణ జీవితంపై విద్యార్థులు చేసిన పనినీ ప్రచురించింది. అందులోని కథనాలను తెలుగులోనూ చదవొచ్చు. జిల్లా పేజీలకూ కొత్త సమాచారం ఎప్పుడూ అవసరమే.

ఈసారి వర్క్‌షాపుకు వెళ్లేటప్పుడు మీ ఊరి సమస్య ఒకటి నోట్‌బుక్‌లో రాసుకుని వెళ్లండి. పక్కా ఆధారాలతో ఒక్క వార్త రాయగలిగితే, ఇంటర్వ్యూలో మాట్లాడటానికి మీ దగ్గర సరుకున్నట్లే!