పెరటి తోట: తల తుంచితే పొద నిండా పూలు

పిల్లలూ! కనిగిరిలో చాలా ఇళ్ళకు పెరడు అంటే నాలుగు మూరల చోటు, లేదా డాబా మీద ఒక మూల. ఎండాకాలం వచ్చిందంటే నీళ్ళు బిందెల లెక్కన వాడుకోవాలి. ఇటువంటి చోట డాలియాలు పూస్తాయా అని మీకు సందేహం కలగవచ్చు. పూస్తాయి. సరైన కాలమూ, సరైన రకమూ చూసుకోవాలి. ఆపైన ఒక చిన్న పనికి మనసు గట్టి చేసుకోవాలి.

డాలియా పుట్టిల్లు మెక్సికో దేశపు కొండలు. 1789లో దాని విత్తనాలు స్పెయిన్‌లోని మాడ్రిడ్ తోటకు చేరాయి. 1791లో కవనియెస్ అనే శాస్త్రజ్ఞుడు, స్వీడన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ఆండర్స్ డాల్ పేరు దానికి పెట్టాడు. కొండ చల్లదనానికి అలవాటుపడిన మొక్క కనుక మన ఎండలకు తాళదు. అందుచేత ఇక్కడ దానికి తగినది చలికాలమే. అక్టోబరులో విత్తితే సంక్రాంతి ముగ్గుల వేళకు పూస్తుంది.

డాలియాల్లో నిలువెత్తు పెరిగేవి ఉన్నాయి. వాటికి ఊతకర్రా, చోటూ కావాలి. మనకు కావలసినవి జానెడు నుంచి మూరెడు ఎత్తు పెరిగే పొట్టి రకాలు. జానెడు వెడల్పు కుండీ చాలు. అడుగున చిల్లు తప్పనిసరి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. కుండీకి రెండు మూడు గింజలు విత్తి, పలుచగా మట్టి కప్పండి. మొలిచాక బలమైన మొక్క ఒక్కటే ఉంచి, ఎండ తగిలే చోట పెట్టండి.

ఇక ఆ చిన్న పని. మూడు నాలుగు జతల ఆకులు వచ్చాక కొన చిగురును గోటితో తుంచెయ్యాలి. "పెరిగే మొక్కను గిల్లడమా!" అని చెయ్యి ఆడదు. కాని కారణం వినండి. కొన చిగురులో ఆక్సిన్ అనే పదార్థం తయారవుతుంది. అది కాండంలో కిందికి దిగుతూ, ఆకుల మొదట ఉన్న మొగ్గలను పెరగనివ్వదు. కొన పోగానే ఆ అదుపు పోతుంది. పక్క మొగ్గలు కొమ్మలవుతాయి. కొమ్మ కొమ్మకూ పూలు వస్తాయి. చేమంతి తోటల్లో తలలు తుంచేదీ ఇందుకే.

నమ్మకం కుదరకపోతే రెండు కుండీలు పక్కపక్కన పెట్టి, ఒకదాని తలే తుంచండి. ఎన్ని కొమ్మలు, ఎన్ని పూలు, తొలి పువ్వు ఏ తేదీన అన్నది పుస్తకంలో రాసుకోండి. తుంచినది కొంచెం ఆలస్యంగా పూస్తుంది, బెంగపడకండి.

మట్టిలో వేలు గుచ్చి, తడి లేకపోతేనే నీళ్ళు పోయండి. బియ్యం కడిగిన నీళ్ళు పనికివస్తాయి. నీళ్ళు నిలిస్తే దుంప కుళ్ళుతుంది. వాడిన పూలను ఎప్పటికప్పుడు తుంచితే కొత్త మొగ్గలు వస్తాయి.

ఎండలు ముదిరి ఆకులు ఎండాక తవ్వి చూస్తే, చిలగడదుంపల వంటి దుంపలు కనిపిస్తాయి. మెక్సికోలో వానలు లేని నెలలను ఈ మొక్క ఈ దుంపలతోనే దాటుతుంది. వాటిని కాడ మొదలుతో సహా పొడి ఇసుకలో, నీడన దాచండి. కొత్త మొలక వచ్చే కన్ను ఆ మొదట్లోనే ఉంటుంది. అక్టోబరులో గట్టిగా ఉన్నవి ఏరి నాటండి. ఎండాకాలమంతా మీ బిందెలోని ఒక్క చెంబు నీరు కూడా అవి అడగవు!