తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

"సార్, అంత హింస చూసి ఊరొదిలినవాళ్లు మళ్లీ ఆ ఊరికే ఎందుకు పోతారు?" అస్సీరియన్ల గురించి మాట్లాడుకుంటుంటే క్లాసులో ఒక అమ్మాయి అడిగింది. ఇది మన ప్రశ్న కూడా. అందుకే ఈ భాగం.

టర్కీ ఆగ్నేయ మూలన మార్దిన్ ప్రాంతంలో తూర్ అబ్దీన్ అనే కొండసీమ ఉంది. అక్కడి క్రైస్తవుల ఇంటి భాష సురయిత్, అరామిక్ కుటుంబానికి చెందినది. 1915 నరమేధాన్ని వాళ్లు 'సైఫో' అంటారు. కత్తి అని అర్థం. 1923 లొసాన్ ఒప్పందం తర్వాత టర్కీ ఆర్మీనియన్లనూ గ్రీకులనూ యూదులనూ మైనారిటీలుగా లెక్కించింది, వీళ్లను లెక్కించలేదు. 1934 ఇంటిపేర్ల చట్టంతో టర్కిష్ ఇంటిపేర్లు పెట్టుకోవాల్సి వచ్చింది. ఊళ్ల పేర్లూ మార్చేశారు. కఫ్రో ఊరు కాగితాల్లో ఎల్బెయెంది అయింది.

1990ల నడుమ సైన్యానికీ కుర్దు గెరిల్లాలకూ మధ్య యుద్ధంలో కఫ్రో ఖాళీ అయింది. జనం జర్మనీ, స్విట్జర్లాండ్, స్వీడన్ చేరారు. 2001లో ప్రధాని ఎజెవిత్ తిరిగి రావచ్చని సర్క్యులర్ ఇచ్చాడు. 2006లో కొన్ని కుటుంబాలు కఫ్రోకి వచ్చి కొత్త రాతి ఇళ్లు కట్టుకున్నాయి.

అయితే ఇల్లు కట్టుకున్నంత మాత్రాన ఊరు తిరిగి దక్కుతుందా? 397లో పుట్టిన మోర్ గాబ్రియేల్ మఠం భూముల మీదే 2008లో కేసులు పడ్డాయి. వేసింది ప్రభుత్వ శాఖలూ, చుట్టుపక్కల కుర్దు గ్రామాలూ. రాజ్యం చేతిలో నలిగిన కుర్దులే ఇక్కడ పొరుగువాడి భూమికి ఎదురుగా నిలబడ్డారు. పీడితుడైనంత మాత్రాన ఇంకొకణ్ణి పీడించడని హామీ ఏమీ లేదు. ఇది మన ఉద్యమాలు కూడా గుర్తుపెట్టుకోవాలి. 2020 జనవరిలో షిర్నాక్‌లో, ఊరికి తిరిగొచ్చి బతుకుతున్న కల్దియన్ వృద్ధ దంపతులు మాయమయ్యారు. రెండు నెలలకు భార్య శవం దొరికింది.

ఇక పిల్లలు. యూరప్‌లో పుట్టినవాడు అక్కడ వలసవాడు, ఇక్కడ 'జర్మనీవాడు'. తాత ఊరు వాడికి కథగా తెలుసు, బడి భాష మాత్రం తెలియదు. అస్సీరియన్ అనాలా, అరమీయన్ అనాలా, సుర్యోయో అనాలా అని పెద్దలింకా వాదించుకుంటూనే ఉన్నారు. ఇంకో మాట: తిరిగి రాగలిగింది చేతిలో యూరోలూ జేబులో విదేశీ పాస్‌పోర్టూ ఉన్నవాళ్లు. ఏమీ లేనివాడికి తిరిగిరాక కలగానే మిగిలింది.

ఇప్పుడు కారంచేడు చూడండి. 1985 జూలై 17న ఆరుగురు మాదిగల్ని చంపాక, బతికినవాళ్లు చీరాల చేరారు. వెనక్కి పోలేదు. అక్కడే విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. వాళ్లకి ఊరి మీద మమకారం లేదనగలమా? ఊళ్లో మనకున్నది వాడ. పొలం వాళ్లది, చెరువు వాళ్లది. కఫ్రోవాళ్లు పోగొట్టుకున్నది తమ సొంత ఊరు. మనకి ఊరే ఎప్పుడూ సొంతం కాలేదు. అందుకే అంబేద్కర్ పల్లెను చూసి మురిసిపోలేదు.

కాబట్టి ఆ అమ్మాయికి నా జవాబు ఇది. పోవడమూ ఆత్మగౌరవమే, పోకపోవడమూ ఆత్మగౌరవమే. ఆ నిర్ణయం తరిమినవాడు చేయకూడదు, తరమబడ్డవాడే చేయాలి. పట్టా, పేరు, ప్రాణానికి భద్రత, ఈ మూడూ ఇవ్వకుండా "రండి, తలుపులు తెరిచే ఉన్నాయి" అనే రాజ్యాన్ని నమ్మొద్దు. తలుపు తెరిచి ఉంటే చాలదు, తాళంచెవి మన చేతికి రావాలి.

జై భీమ్.