వార్డు చూశాకే ఫీజు కట్టండి

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే హైదరాబాద్‌లోని నాగారం, ఈసీఐఎల్, నాచారం ఇళ్లలో ఒక ప్రశ్న: పిల్లని నర్సింగుకి పంపితే ఏఎన్ఎమ్మా, జీఎన్ఎమ్మా, బీఎస్సీనా? నా మాట సూటిగా చెబుతాను. పిల్ల బైపీసీ చదివి ఉంటే, ఇంట్లో నాలుగేళ్లు ఓర్చుకోగలిగితే బీఎస్సీయే చదివించండి. రేపు ఎమ్మెస్సీ చేయాలన్నా, పాఠాలు చెప్పాలన్నా అదే దగ్గరి దారి. ఆర్ట్స్ చదివిన పిల్లకి మూడేళ్ల జీఎన్ఎం ఉంది. ఆపైన రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీతో డిగ్రీ కూడా చేతికొస్తుంది, తొందరేం లేదు. ఉపకేంద్రంలో టీకాలు వేసి, గర్భిణుల ఇళ్లకు తిరిగే ఏఎన్ఎంల సేవ చాలా గొప్పది. కానీ ఆ చదువుతో స్టాఫ్ నర్సు పోస్టు రాదు, ఆ సంగతి చేరేముందే తెలియాలి. ఇక ఏడాదిలో నర్సు కావచ్చనే బోర్డుల మాటకొస్తే నాకు కడుపు మండుతుంది. నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ రాని సర్టిఫికెట్ కోసం తల్లి పుస్తెలు కుదువపెట్టకూడదు. కాలేజీ భవనం చూసి మురిసిపోకండి. నర్సింగ్ కాలేజీకి కనీసం 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమం. ఆ ఆసుపత్రికి వెళ్లండి, పడకల మీద రోగులున్నారో లేదో చూడండి. డ్యూటీలో ఉన్న మూడో ఏడు విద్యార్థినిని పక్కకి పిలిచి, ఎన్ని కాన్పులు దగ్గరుండి చూసిందో అడగండి.