ట్రాలీ వెనక ఎర్ర దీపం ఎందుకు వెలగదు?

చట్టం దృష్టిలో ట్రాక్టర్ ట్రాలీ ఒక వాహనం. ఊళ్లో, వెల్డింగ్ షాపులో, మార్కెట్ యార్డులో అది చక్రాలున్న ఇనుప తొట్టి. ఈ రెండు చూపుల మధ్య తేడా రాత్రి పూట రోడ్డు మీద ప్రాణాలు తీస్తోంది.

2022 అక్టోబరు 1న ఉత్తరప్రదేశ్‌లోని కాన్పూర్ జిల్లా ఘాటంపూర్ దగ్గర ట్రాక్టర్ ట్రాలీ చెరువులో బోల్తా పడి 26 మంది చనిపోయారు. గుడికి వెళ్లి తిరిగి వస్తున్న వాళ్లు. ఎక్కువ మంది ఆడవాళ్లు, పిల్లలు. ట్రాలీలను సరుకుకు, వ్యవసాయ పనులకే వాడాలని, మనుషులను ఎక్కించవద్దని ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి విజ్ఞప్తి చేశారు. అంతకు నాలుగేళ్ల ముందు, 2018 జూన్‌లో, మన యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టర్ మూసీ కాల్వలో పడినప్పుడూ చర్చ ఇలాగే సాగింది.

ఆ చర్చ అవసరమే. కానీ ట్రాలీ ప్రమాదాల్లో ఇంకో రకం ఉంది. వాటి మీద ముఖ్యమంత్రుల ప్రకటనలు రావు. జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్తగా వచ్చి పోతాయి: ముందు వెళ్తున్న ట్రాక్టర్‌ను వెనక నుంచి ఢీకొన్న బైకు, ఆగి ఉన్న ట్రాలీ కిందికి దూసుకుపోయిన కారు. చదివినవాళ్లు అతివేగం అనుకుంటారు, లేదా డ్రైవర్‌కు నిద్ర వచ్చిందనుకుంటారు. ట్రాలీ వెనక దీపం వెలుగుతోందా అని అడిగేవాళ్లు తక్కువ.

2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయని, 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క చెబుతోంది. ఆ ప్రమాదాల్లో ఐదో వంతుకు పైగా వెనక నుంచి ఢీకొన్నవే. అవన్నీ ట్రాలీల వల్ల జరిగాయని కాదు. కానీ ముందున్న వాహనం వెనకవాడికి ఎంత దూరం నుంచి కనిపిస్తుందన్నది మన రోడ్ల మీద చిన్న ప్రశ్న కాదని ఈ లెక్క చెబుతోంది.

మూడు సెకన్ల లెక్క

రాష్ట్ర రహదారి మీద కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తోంది అనుకుందాం. ముందు ధాన్యం బస్తాలతో ట్రాక్టర్ 20 కిలోమీటర్ల వేగంతో పోతోంది. రెంటి మధ్య దూరం గంటకు 60 కిలోమీటర్ల చొప్పున, అంటే సెకనుకు 16 మీటర్లకు పైగా తరిగిపోతుంది. ఎదురుగా వాహనాలు వస్తుంటే కారు లైటు డిమ్‌లో ఉంటుంది. ఆ వెలుగులో మట్టి రంగు ట్రాలీ 50 మీటర్ల దగ్గరికి వస్తే గాని తెలియదు. అప్పుడు చేతిలో ఉన్న సమయం మూడు సెకన్లు. అదేమిటో కంటికి ఆని, మెదడుకు ఎక్కి, కాలు బ్రేకు మీదికి వెళ్లే సరికే ఒకటిన్నర సెకను పోతుంది. మిగిలిన సగంలో బ్రేకు పడితే గట్టెక్కినట్టు. వాన పడుతున్నా, పొగమంచు ఉన్నా, డ్రైవర్ ఒక్క క్షణం పక్కకు చూసినా అదీ లేదు.

టైరు పంక్చరై ట్రాలీ రోడ్డు మీదే ఆగిపోయి ఉంటే లెక్క ఇంకా ఘోరం. 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు పూర్తిగా ఆగడానికి, తేరుకునే సమయంతో కలిపి, దాదాపు 70 మీటర్లు కావాలి. కనిపించేది 50 మీటర్లలో. అంటే జాగ్రత్తగా నడిపేవాడు కూడా గుద్దక తప్పదు.

ఇప్పుడు ఆ ట్రాలీ వెనక ఒక ఎర్ర దీపం పెట్టి చూడండి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు వెనక దీపం 155 మీటర్ల దూరం నుంచి కనిపించాలంటున్నాయి. అంత దూరంలో కనిపిస్తే మూడు సెకన్లు తొమ్మిది సెకన్లవుతాయి. పక్కకు తప్పుకోవడానికి, వేగం తగ్గించడానికి, హారన్ కొట్టడానికి కూడా చాలినంత సమయం. తేడా అంతా ఐదు వాట్ల బల్బు.

చట్టంలో ఉంది, తొట్టికి లేదు

1988 మోటారు వాహనాల చట్టం మోటారు వాహనం అంటే ఏమిటో చెబుతూ అందులో ట్రైలర్‌ను కూడా చేర్చింది. ఇంజను లేకపోయినా ట్రాలీ విడిగా ఒక వాహనమే. దానికి రిజిస్ట్రేషన్ ఉండాలి, బీమా ఉండాలి, దీపాలు ఉండాలి.

ఆచరణలో జరిగేది వేరు. ట్రాక్టర్ కంపెనీ ఫ్యాక్టరీలో తయారవుతుంది. ట్రాలీ మండల కేంద్రంలోని వెల్డింగ్ షాపులో తయారవుతుంది. ఛానళ్లు, రేకులు, పాత లారీ ఇరుసు, నాలుగు టైర్లు తెచ్చి ఇస్తే కొద్ది రోజుల్లో పని అయిపోతుంది. రైతు అడిగేది రేకు మందం ఎంత, ఎన్ని టన్నులు మోస్తుంది, జాకీ ఎత్తుతుందా అని. వైరింగ్ గురించి రైతూ అడగడు, షాపువాడూ చెప్పడు. షాపులో పని చేసేది వెల్డరు, ఎలక్ట్రీషియన్ కాదు.

భారత్ ప్రపంచంలోనే అతి పెద్ద ట్రాక్టర్ మార్కెట్. ఏటా సుమారు 9 లక్షల ట్రాక్టర్లు అమ్ముడవుతున్నాయి. ట్రాక్టర్ తీసుకున్న రైతు ఏడాదిలో దున్నే రోజుల కంటే బరువు లాగే రోజులే ఎక్కువ ఉండొచ్చు: ధాన్యం, పత్తి, చెరకు, ఇసుక, ఇటుక, వరిగడ్డి. కొత్త ట్రాక్టర్లలో చాలావాటికి వెనక ఏడు పిన్నుల సాకెట్ వస్తోంది. దానికి తగిలించే ప్లగ్గు మాత్రం ట్రాలీకి ఉండదు. ఒకవేళ ఉన్నా ఆ ట్రాలీని ఇవాళ ఒక ట్రాక్టర్, రేపు బావమరిది ట్రాక్టర్, ఎల్లుండి అద్దె ట్రాక్టర్ లాగుతాయి. ఒకదాని సాకెట్ ఇంకొకదానికి సరిపోదు. రెండుసార్లు ప్రయత్నించాక వైరును చుట్టి పక్కన పడేస్తారు.

చిక్కు పాత ట్రాక్టర్ దగ్గర

కొత్త ట్రాక్టర్ సంగతి తేలిక. దేశంలో రోడ్డెక్కుతున్న వాటిలో పదిహేను, ఇరవై ఏళ్ల నాటివి లెక్కలేనన్ని ఉన్నాయి. వాటికి ట్రాలీ వైరింగ్ చేయించడం కష్టమని మెకానిక్‌లు అనడానికి కారణం ఉంది. ఆ కారణం తెలిస్తే పరిష్కారం కూడా తెలుస్తుంది.

మొదటి చిక్కు కరెంటు. ట్రాక్టర్‌ది 12 వోల్టుల బ్యాటరీ. వెనక రెండు బ్రేకు లైట్లు 21 వాట్ల చొప్పున, రెండు టెయిల్ లైట్లు 5 వాట్ల చొప్పున, ఒక ఇండికేటర్ 21 వాట్లు కలిపితే ఆరు ఆంపియర్ల దాకా లాగుతాయి. పాత ట్రాక్టర్‌లో ఎండకు పగిలిన వైర్లు, అరిగిన స్విచ్చి ఈ అదనపు బరువు మోయలేవు. స్విచ్చి కాలుతుంది, ఫ్యూజు పోతుంది, ఇండికేటర్ కొట్టుకునే తీరు మారిపోతుంది. ఫ్యూజు పదేపదే పోతుంటే దాని స్థానంలో రాగి తీగ చుట్టేస్తారు. ఆ తర్వాత కాలేది వైరే.

దీనికి విరుగుడు తెలిసిందే. ట్రాలీ దీపాలకు కరెంటు స్విచ్చి నుంచి తీసుకోకూడదు. బ్యాటరీ నుంచి విడిగా ఒక ఫ్యూజుతో వైరు లాగి, మధ్యలో రిలే పెట్టాలి. అప్పుడు పాత స్విచ్చి రిలేకు సైగ మాత్రమే ఇస్తుంది, బరువు దాని మీద పడదు. బల్బుల బదులు ఎల్ఈడీ దీపాలు పెడితే ఆరు ఆంపియర్ల అవసరం ఒక ఆంపియర్ చుట్టుపక్కలకు దిగుతుంది. పాత ట్రాక్టర్‌కు ఇంతకంటే మేలైన మార్పు లేదు.

రెండో చిక్కు ఎర్త్. ట్రాలీకి ఒక్క పాజిటివ్ వైరే లాగి, తిరుగు దారికి డ్రాబార్ పిన్నును నమ్ముకోవడం మన దగ్గర అలవాటు. ఇనుముకు ఇనుము తగులుతోంది కదా అన్నది వాళ్ల లెక్క. కానీ ఆ పిన్నుకు తుప్పు, గ్రీజు, మట్టి పట్టి ఉంటాయి. గుంతలో పడ్డప్పుడల్లా అది వదులై మళ్లీ తగులుతుంది. దీపం మిణుకుమిణుకుమంటుంది, బ్రేకు వేస్తే ఇండికేటర్ వెలుగుతుంది. చివరికి ‘ఈ ట్రాలీకి లైట్లు ఆగవు’ అన్న మాట స్థిరపడిపోతుంది. ప్లగ్గులోనే ఎర్త్‌కు విడిగా ఒక వైరు ఉంటే ఈ జబ్బుల్లో సగం రావు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 1724 ప్రకారం 12 వోల్టుల ఏడు పిన్నుల సాకెట్‌లో మూడో పిన్ను అందుకే ఉంది. ఒకటి ఎడమ ఇండికేటర్‌కు, నాలుగు కుడి ఇండికేటర్‌కు, ఆరు బ్రేకుకు, ఐదు, ఏడు టెయిల్ లైట్లకు.

ఈ సామానంతా కలిపినా ఒక ట్యాంకు డీజిల్ ఖర్చు దాటదు. కాబట్టి దీపం లేకపోవడానికి పేదరికం ఒక్కటే కారణం అనలేం.

అమెరికాలో పాత పికప్ ట్రక్కుకు ట్రైలర్ తగిలించాలనుకునేవాడికి ముందుగా ఎదురయ్యే ప్రశ్న వైరింగే. అక్కడి చిన్న ట్రైలర్లకు నాలుగు తీగల ప్లగ్గు వాడుకలో స్థిరపడింది: తెలుపు ఎర్త్, గోధుమ రంగు టెయిల్ లైటు, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. ట్రైలర్ ఎవరిదైనా, బండి ఎప్పటిదైనా ప్లగ్గు సరిపోతుంది. పాత బండికి వైరింగ్ లేకపోతే విడిభాగాల దుకాణంలో కిట్టు దొరుకుతుంది. ట్రైలర్‌కు దీపాలు ఉండాలన్న నిబంధన తయారుచేసేవాడికే వర్తిస్తుంది. మన దగ్గర ఆ బాధ్యత రోడ్డు మీద దొరికిన డ్రైవర్ దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది.

స్టిక్కరు సరిపోదా?

చలికాలం వస్తే పంజాబ్, హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లలో పోలీసులు చెరకు ట్రాలీలకు రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటిస్తారు. మన జిల్లాల్లోనూ రోడ్డు భద్రత వారోత్సవాల్లో ఈ దృశ్యం కనిపిస్తుంది. మంచి పనే. బ్యాటరీ పోయినా, ట్రాక్టర్‌ను విప్పేసి ట్రాలీని ఒంటరిగా వదిలేసినా మెరిసేది స్టిక్కరే. ఆ పని దీపం చేయలేదు.

కానీ స్టిక్కరుకు సొంత వెలుగు లేదు. వెనకవాడి లైటు నేరుగా పడితేనే మెరుస్తుంది. బురద కప్పితే, వరిగడ్డి వెనక్కి వేలాడితే అదీ ఉండదు. ట్రాక్టర్ బ్రేకు వేసిందో, పొలం బాటలోకి కుడివైపు తిరగబోతోందో అది చెప్పలేదు. ఈ రెండింటిలో ఒకటి చాలు అనుకోవడం వల్లే స్టిక్కరు అంటించిన రోజుతో బాధ్యత తీరిపోయినట్టు అవుతోంది.

ఈ కష్టం మన ఒక్కరిదే కాదు. పాకిస్థాన్ పంజాబ్‌లో చెరకు క్రషింగ్ మొదలైతే హద్దులు దాటి నింపిన ట్రాలీలు రాత్రుళ్లు రోడ్డెక్కుతాయి. బంగ్లాదేశ్‌లో నీటి పంపు ఇంజన్లతో చేసిన నసిమన్, కరిమన్ బండ్లు ఊళ్ల మధ్య మనుషులను, సరుకును మోస్తాయి. దక్షిణాసియా పల్లెల రవాణా చాలావరకు వర్క్‌షాపుల్లో పుట్టింది. నిబంధనలు ఫ్యాక్టరీలను చూసి రాసినవి.

దీపం లేకపోతే నష్టపోయేది రైతు కూడా

ట్రాలీలకు దీపాల నిబంధన గట్టిగా అమలు చేయాలంటే ‘రైతులను వేధిస్తున్నారు’ అన్న మాట వెంటనే వస్తుంది. అది పూర్తిగా తప్పు కాదు. పంట చేతికొచ్చిన వారంలో, కొనుగోలు కేంద్రం ముందు వరుసలో నిలబడాల్సిన రోజున జరిమానా రాస్తే ఎవరికైనా మండుతుంది.

కానీ ప్రమాదం జరిగిన తర్వాతి సంగతి కూడా చూడాలి. రహదారి మధ్యలో హెచ్చరిక గుర్తులు, పార్కింగ్ లైట్లు లేకుండా రాత్రి వదిలేసిన భారీ ట్రక్కును కారు ఢీకొన్న ఒక కేసులో 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కారు డ్రైవర్‌ది కూడా సగం తప్పు అన్న కింది నిర్ణయాన్ని పక్కన పెట్టి, బాధ్యతను ట్రక్కు వైపే ఉంచింది. ఆ తర్కం దీపం లేకుండా ఆగిన ట్రాలీకి వర్తించదని ఎవరూ భరోసా ఇవ్వలేరు. ట్రక్కుకు బీమా ఉంటుంది. రిజిస్ట్రేషనే లేని ట్రాలీకి ఉండదు. బీమా సంస్థ చేతులెత్తేస్తే పరిహారం రైతు పొలం మీద పడుతుంది. ఆ రోజు అతని తరఫున ధర్నా చేసేవాళ్లు ఉండరు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

రోడ్డు మీద కాదు, ట్రాలీ పుట్టే చోట. వెల్డింగ్ షాపులకు ఒకే తరహా సాకెట్, ఒకే రంగుల క్రమం నిర్ణయించి, వైరింగ్ లేని ట్రాలీ షాపు గడప దాటకూడదన్న నియమం పెట్టాలి. ట్రాక్టర్ అప్పులో ట్రాలీకి కూడా డబ్బిచ్చే బ్యాంకులు దీపాలు, రిజిస్ట్రేషన్ ఉన్నాయో లేదో చూసి ఆఖరి వాయిదా విడుదల చేయవచ్చు. చక్కెర మిల్లులు, జిన్నింగ్ మిల్లులు, మార్కెట్ యార్డులు, ధాన్యం కొనుగోలు కేంద్రాల దగ్గర ట్రాలీలు గంటల తరబడి వరుసలో ఆగుతాయి. ఒక ఎలక్ట్రీషియన్‌ను, సామాను పెట్టెను అక్కడ కూర్చోబెడితే రైతు పని ఆగదు, జరిమానా అవసరం రాదు. ఐటీఐ విద్యార్థులకు ఇంతకంటే పనికొచ్చే శిక్షణ ఏముంటుంది?

రోడ్డు భద్రతపై సుప్రీంకోర్టు 2014లోనే కమిటీ వేసింది. హెల్మెట్లు, మద్యం, అతివేగం మీద మాట్లాడటం అప్పటి నుంచి పెరిగింది. అవన్నీ వెనక వచ్చేవాడు ఎలా నడపాలో చెప్పేవి. ముందు పోయేవాడు కనిపించాలన్న సంగతి ఇంకా పక్కనే ఉంది. ఈ ఖరీఫ్ ధాన్యం రోడ్డెక్కే లోపు జిల్లాకు ఒక యార్డులోనైనా ఈ పని మొదలైతే, ఎన్ని ట్రాలీలకు దీపం వెలిగిందో సీజను చివర లెక్క చెప్పవచ్చు. ఎన్ని ప్రాణాలు మిగిలాయో చెప్పడం మాత్రం కుదరదు, ఎందుకంటే జరగని ప్రమాదానికి వార్త రాదు.