ఎర తొట్టి ఒకటి పెట్టుకుందాం

గాలం పట్టుకుని కాలవగట్టున కూర్చున్నవాడంటే మన ఊళ్లలో అందరికీ అలుసే. ‘పనీపాటా లేనివాడు’ అంటారు. ఊడ్పులయ్యాక కోతల దాకా చేతిలో పైసా ఆడని ఎకరం, అరెకరం రైతుకు ఒక మోస్తరు కొరమీను పడితే సంత ఖర్చు వెళ్లిపోతుందన్న సంగతి ఆ అనేవాళ్లకేం తెలుసు?

అయితే గాలానికి పోయే మనవాళ్లతోనూ నాకో తగవుంది. కొరమీను కదిలే ఎరకే ఎగబడుతుంది. ఆ ఎర కోసం గుంటలన్నీ కలియబెట్టేసరికి సగం పూట పోతుంది. దొరికిన పరిగెల్ని బకెట్లో పోసి ఎండలో పెడితే పది గంటలకల్లా సగం తేలిపోతాయి. అవీ లేకపోతే చేలో కప్పలమీద పడతారు. వరిలో పురుగుల్ని తినే కప్పను గాలానికి గుచ్చేసి, ఆనక పురుగుమందుకు అప్పు చేయడం ఏం వ్యవసాయమండీ? కప్పకాళ్ల ఎగుమతిని 1987లో ప్రభుత్వం ఆపేసింది ఊరికే కాదు.

ఇంటిదగ్గర ఒక తొట్టి ఉంటే ఈ తిప్పలుండవు. మూడడుగుల వెడల్పు సిమెంటు ఒర ఒకటి, కింద గచ్చు. అడుగు లోతు నీళ్లు పోస్తే సుమారు రెండొందల లీటర్లు. పగిలిన కుడితి తొట్టి ఉంటే మాటు వేసినా సరే. లోతుకన్నా వెడల్పు ముఖ్యం. నీటికి గాలి తగిలేది పైనుంచే. కొత్త సిమెంటులో మాత్రం చేపల్ని వెంటనే వేయొద్దు, సున్నపు ఘాటుకు చస్తాయి. అరటి బోదె ముక్కలు వేసి, రెండు మూడు వారాలపాటు నీళ్లు మార్చి మార్చి పారబోయాలి. కుళాయి నీళ్లలో బ్లీచింగు ఉంటుంది కాబట్టి ఒకరోజు ఆరుబయట నిలవుంచండి. బోరు నీళ్లయితే ఎత్తునుంచి ధారగా పోయండి.

వేలెడు పరిగెలు యాభైకి మించొద్దు. ఆశపడితే తెల్లారేసరికి నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. గాలిమోటారు కొనాలా అని అడుగుతారు. మా ఇంట్లో కరెంటును నమ్ముకోలేక, గుడిలో శివుడి మీద ధారపాత్రలా చిల్లుకుండ ఒకటి వేలాడదీశాను. చుక్కచుక్కా పడుతుంటే పైన దోమతెర కట్టిన చిల్లులోంచి ఎక్కువ నీరు ఆనపపాదులోకి పోతుంది. మేత చిటికెడు తవుడు చాలు. మేత లేక చచ్చినవాటికన్నా మిగిలిన మేత కుళ్లి చచ్చినవే ఎక్కువ. సగం తొట్టికి కొబ్బరాకు తడిక, మిగతా సగానికి పాత వల కప్పండి. లేకపోతే లకుముకిపిట్టకు మనం అన్నదానం చేసినట్టే! వానపాములకైతే తొట్టే అక్కర్లేదు. చెట్టునీడన పగిలిన కుండలో మాగిన పేడ, చెత్తాకు తడిపి ఉంచితే చాలు.

మిగిలిన ఎరను వేరే చెరువులో పారబోసే అలవాటు మానాలి. 1988లో మన దేశంలోకి వచ్చిన పుండ్ల తెగులు కొరమీనునూ పరిగెల్నీ ఎంత పీడించిందో పెద్దవాళ్లనడగండి. ఎర్రటి పిల్లల గుంపును కాస్తున్న తల్లిచేప దగ్గర గాలం వేయడమూ నాకు నచ్చదు. తల్లి పోతే ఆ గుంపంతా పక్కచేపలపాలే.

ఇక అసలు బాధ. రెండేళ్ల కిందట ఒక సాయంత్రం కాలవనుంచి నాలుగు బిందెలు తెచ్చి తొట్టిలో పోశాను. పొద్దున్నే చూస్తే ఒక్కటీ మిగల్లేదు. పైన రేవులో ఎవరో మందు కొట్టిన స్ప్రేయరు కడిగారని తర్వాత తెలిసింది. సైపర్‌మెత్రిన్ లాంటి మందులు చేపలకు కొద్దిపాటి మోతాదులోనే ప్రాణాంతకం. పోయినవి యాభై పరిగెలే కదా అనుకోవచ్చు. కానీ ఆ రేవులోనే మా గేదె దిగుతుంది, ఊళ్లో పిల్లలు ఈదుతారు. స్ప్రేయర్లు కడగడానికి కాలవకు దూరంగా ఒక చోటు చూపించమని పంచాయతీని అడగడం మన హక్కు. చోటు చూపేదాకా కడిగిన నీళ్లు మందు కొట్టిన చేలోనే పోసుకోవాలి. అందులో నేనూ ఉన్నాను, ఇదివరకు నేనూ ఆ రేవులోనే కడిగినవాణ్ణే.

ఇప్పుడు కాలవనీళ్లు తెస్తే ముందు ఒక గిన్నెలో పోసి రెండు పరిగెల్ని వదిలి ఒక పూట చూస్తున్నాను. అవి హుషారుగా తిరిగితేనే మిగతా నీళ్లు తొట్టిలోకీ, గేదె కుడితిలోకీ పోతున్నాయి.